తుడిచిన పేజీలు

అబిడ్స్‌లోని రిపేరు దుకాణంలో మహీధర్ ఆ టాబ్లెట్‌కు కేబుల్ పెట్టాడు. కాగితంలాంటి తెర మీద పెన్నుతో రాసుకునే రకం అది. దాన్ని తెచ్చిన సుగుణమణి కౌంటర్ ముందు కూర్చుంది.

"తెలుగు బైబిల్ పెద్దక్షరాల్లో కావాలన్నరు గదమ్మా. దానికి బయటివాళ్లు చేసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాలె. ముందు దీన్ని పాత వర్షన్‌కు దింపాలె. అప్పుడు లోపలున్నదంతా పోతది."

"పోనీ బాబు. అందుల ఏం లేదు."

"ఎవరిదమ్మా ఇది?"

"మా ఆయనది. దవాఖానల గొంతుకు పైపు వేసిన్రు, మాట లేదు. పదకొండు రోజులు దీని మీదనే రాసి చెప్పిన్రు. నీళ్లు కావాలె, పంకా తగ్గించు, నువ్వు తిన్నవా అని. నేను చదివి తుడిచేదాన్ని, మళ్ల రాయనీకె జాగ ఉండాలె గద. పలక లెక్క."

మహీధర్ టాబ్లెట్‌లో ఏమైనా మిగిలిందేమో వెతికాడు.

"ఒక పేజీ ఉందమ్మా. పద్నాలుగో తారీఖు పొద్దుగాల రాసిన్రు."

"ఆ పొద్దుగాల నేను మందుల కోసం కిందికి పోయిన. వచ్చేసరికి ఆయన పానం పోయింది. ఏం రాసిన్రు?"

అతను చదివాడు.

"'తుడవకు సుగుణా. కొత్త పేజీ తీస్తే చాలు. దీంట్ల వేల పేజీలు పడతయి. నేను లేనప్పుడు చదువుకుంటవు.'"

"తుడిచినవి మళ్ల వస్తయా బాబు?"

"రావమ్మా."

ఆమె టాబ్లెట్‌ను తన వైపుకు తిప్పుకుంది.

"ఫికర్ చేయకున్రి. ఈ పేజీ కాపీ తీసి పెడత. తర్వాతనే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్త."

"వద్దు బాబు. తుడవకు అన్నరు గద. కేబుల్ తీసెయ్."