పద్నాలుగు, తొమ్మిది

అంబులెన్సు కంట్రోల్ రూము పక్కనున్న కంప్యూటరు గది. పదకొండింటికి పెద్దసారు దగ్గర విచారణ. పది రోజులుగా బండెక్కనివ్వని డ్రైవరు తిన్నగా వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. ప్రోగ్రాములు రాసే అమ్మాయి అతన్ని చూడగానే చేతిలో పెన్ను తిప్పడం ఆపింది.

“నాకు కంప్యూటరు రాదమ్మాయ్. అందుకే నిన్నడుగుతున్నా. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పు.”

“ఇప్పుడా బాబాయ్? మిమ్మల్ని లోపలికి పిలుస్తారేమో.”

“ఇంకా ఇరవై నిమిషాలుంది. జబ్బుపడ్డవాళ్ళింట్లో ఫోన్లో నొక్కుతారు. నా బండిలో స్క్రీను మీద అడ్రసు పడుతుంది. మధ్యలో ఏం జరుగుతుంది?”

“వాళ్ళు వీధి నంబరు, ఇంటి నంబరు కొడతారు. ఫోను దాన్నొక వెబ్ అడ్రసుగా కట్టి మనకి పంపుతుంది. ‘పిలుపు’ అనే మాట, ఓ ఏటవాలు గీత, వీధి నంబరు, ఇంకో గీత, ఇంటి నంబరు. అంతే.”

“పిలుపు, పద్నాలుగు, తొమ్మిది. పది రోజుల కింద ఆ పోయిన టైలరింటి నుంచి వచ్చింది ఇదేనా?”

“అదే.”

“వచ్చాక?”

“మొదటి మాట ‘పిలుపు’ కాబట్టి, మన సర్వరు దాన్ని బండి పంపే ప్రోగ్రాముకి అప్పజెబుతుంది. ‘రద్దు’ అని ఉంటే రద్దు చేసే ప్రోగ్రాముకి. గుమ్మం దగ్గర కూర్చున్న మనిషి, ఎవరు ఏ గదిలోకి వెళ్ళాలో చూపించినట్టు.”

“ఆ రెండంకెలో?”

“గదిలో ఉన్న ప్రోగ్రాము తీసుకుంటుంది. మొదటిది వీధి, రెండోది ఇల్లు.”

“అంకె మొహాన ‘నేను వీధిని’ అని రాసుంటుందా?”

“ఉండదు.”

“మరి దానికెలా తెలుస్తుంది?”

“వరసను బట్టి. ఏది ముందో, ఏది వెనకో మనం రాసిపెడతాం కదా.”

“మనం అంటే?”

“అంటే… నేను.”

“ఆ వరస తారుమారైతే?”

“అవదు.”

“అయితే, అంటున్నా.”

“అవదు బాబాయ్! ఎందుకవుతుంది?”

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేంటి? నిన్నేమన్నా అన్నానా?”

“తలనొప్పిగా ఉంది. నిద్ర లేదు.”

“నాకు పది రోజులుగా లేదు. విను. నా స్క్రీను మీద తొమ్మిదో వీధి, పద్నాలుగో ఇల్లు అని పడింది. ఈ రెండు కళ్ళతో చూశాను. వెళ్ళాను. గేటుకి తాళం. బాదాను, హారను కొట్టాను. పక్కింటావిడ బయటికొచ్చి, వాళ్ళు ఊళ్ళోనే లేరయ్యా అంది. పిలిచిన నంబరుకి చేస్తే ఎంగేజు. పాపం, టైలరు పెళ్ళాం కంట్రోల్ రూముకి చేస్తూనే ఉందట, బండేదీ, బండేదీ అని.”

“తెలుసు.”

“ఇరవై ఆరు నిమిషాలు. నేను పద్నాలుగో వీధిలోకి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆవిడ గేటు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను ఒక్క మాట అనలేదమ్మాయ్. నాలుగు తిట్టినా బాగుండేది.”

“మంచినీళ్ళు తాగుతారా బాబాయ్?”

“నాకు నీళ్ళొద్దు. నువ్వు నమలడం మానెయ్, చాలు. ఆ కొత్త ప్రోగ్రాము పెట్టింది ఆ రోజేగా? పెట్టాక వచ్చిన మొదటి పిలుపు నాదేగా?”

“అవును.”

“పెట్టేముందు చూసుకోరూ?”

“చూశాను. మా ఇంటి అడ్రసు పంపి మరీ చూశాను. సరిగ్గానే పడింది.”

“మీ ఇల్లెక్కడ?”

“ఆరో వీధి.”

“నంబరు?”

“ఆరు.”

“ఆరులో ఆరా! అటు తిప్పినా ఆరే, ఇటు తిప్పినా ఆరే! అదేం చూడటమే తల్లీ? ఏదీ, ఇప్పుడు పంపు నా ముందు. పద్నాలుగు, తొమ్మిది. పంపు!”

“అరవకండి. పంపుతున్నా. ఇదిగో, చదవండి.”

“పద్నాలుగో వీధి… తొమ్మిదో ఇల్లు. ఉండు, ఇంకోటి. మూడు, ఇరవై.”

“మూడో వీధి, ఇరవయ్యో ఇల్లు.”

“ఆ రోజొచ్చిన పిలుపే తెరువు. తారీఖు చూసి తెరువు.”

“ఇదే అది.”

“ఇదీ పద్నాలుగో వీధేనా! పెద్దసారు చూపించిందీ ఇదే. స్క్రీను సరిగ్గానే చెప్పింది, నువ్వే తిరగేసి చదివావు అన్నాడు. అయితే నేనే.”

“బాబాయ్…”

“ఇరవై రెండేళ్ళమ్మా. జోరు వానలో కూడా ఒక్క గుమ్మం తప్పలేదు. కళ్ళజోడు పెట్టుకోవయ్యా అని మా ఆవిడంటే దాన్ని కసిరాను. ఇక్కడికొచ్చి నిన్ను అనుమానించాను. పాపిష్టివాణ్ణి. ఏమనుకోకు తల్లీ.”

“అలా అనకండి. ఆ చేతిలో కాగితమేంటి?”

“పెద్దసారు టైపు చేయించి ఇచ్చాడు. ‘అడ్రసు తప్పు చదివాను, ఒక మనిషి ప్రాణం పోవడానికి నా నిర్లక్ష్యమే కారణం’ అని. సంతకం పెడితే ఉద్యోగం ఉంచుతారట. గ్యారేజీలో బళ్ళు కడగాలి. స్టీరింగు మాత్రం జన్మలో ముట్టుకోనివ్వరు.”

“పెట్టకండి.”

“తేలిపోయాక పెట్టకపోతే ఎలా?”

“ఏం తేలింది? ఇంకో వారం గడువడగండి. నేను… నేను ఇంకోసారి చూస్తాను.”

“చూసేదేముంది? నీ కంప్యూటరుకి నా మీద పగా? ఉన్నదే చూపిస్తుందిగా?”

“ఉన్నదే చూపిస్తుంది.”

“మరింకేం! సంతకం పెట్టి, ఆవిడ దగ్గరికెళ్ళి, మీ ఆయన్ని చంపింది నేనేనమ్మా అని కాళ్ళ మీద పడతాను. అప్పుడైనా కునుకు పడుతుందేమో. ఓ పెన్నివ్వు.”

“లేదు.”

“చేతిలోనే ఉంది కదే!”

“ఇవ్వను.”

“పిల్లాటలేంటి? అదిగో, లోపలికి పిలుస్తున్నారు. ఇలా ఇవ్వు.”

“బాబాయ్, కంప్యూటరు దాచుకునేది ఆ రెండంకెలే. ఏది వీధో, ఏది ఇల్లో, తెరిచి చూసిన రోజు ఉన్న వరసను బట్టి చెబుతుంది. టైలరు పోయాడని తెలిసిన పది నిమిషాల్లో ఆ వరస నేనే సరిచేశాను.”