ఎడమవైపు పెదవి

"అమ్మమ్మా, మా కాలేజీలో దవడ ఆపరేషన్ల మీద ట్రయల్ మొదలెట్టారు. పేషెంట్లకి స్పర్శ పరీక్ష చేసే పని నాకిచ్చారు. నువ్వు కూడా బందరులో అదే పని చేశావంటగా? అమ్మ చెప్పింది."

చేశానే. మీ అమ్మ ఎంత చెప్పిందో మరి, దానికి తెలిసింది సగమే. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, ఆ చప్పుడులో నా మాట నాకే వినపడదు. ఆఁ, చాలు.

నేను రిటైరయ్యే ముందేడు సంగతి. కాదు కాదు, దానికి ముందేడు. మీ తాతయ్య మోకాలి ఆపరేషన్ అయిన ఏడు. బందరులో మాది చిన్న పళ్ళాస్పత్రి. ఎస్తేరు సిస్టర్ అంటే అందరికీ నేనే. డాక్టర్ మాధవి గారని కొత్తగా వచ్చారు, చిన్నావిడ, మంచి చెయ్యి. ఆవిడే పెట్టించారు ఆ ట్రయల్.

కింది దవడలో నీటిగడ్డ తీశాక కొంతమందికి ఆ వైపు పెదవీ గడ్డమూ మొద్దుబారిపోతాయి కదా. నీకు నేను చెప్పేదేముంది. ఆ స్పర్శ తొందరగా తెప్పించడానికని ఒక లైటు మిషను. సగం మందికి నిజం లైటు, సగం మందికి ఉత్తుత్తిది. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరికేదో కవర్లో పెట్టి అతికించేసేవారు. పేషెంటుకీ తెలియకూడదు, నాకూ తెలియకూడదు. కళ్ళు మూసుకోమని, దూదితో తాకి, పిన్నుతో తాకి, తెలుస్తోందా అని అడిగి, కాయితం మీద గీసిన మొహం బొమ్మలో చుక్కలు పెట్టడం, అంతే నా పని.

పేర్లు మార్చే చెప్తున్నాలే, అది మా ఉద్యోగంలో వచ్చిన అలవాటు. పద్మ అనుకో ఆ పిల్ల పేరు. పాలకాయతిప్ప దగ్గర ఊరు. పాతికేళ్ళుంటాయేమో. రొయ్యలు వలిచే పనికి వెళ్ళేది. వాళ్ళమ్మ తిరపతమ్మ కూడా వచ్చేది. ఎడమవైపు కింద గడ్డ, దాంతోపాటు రెండు దవడ పళ్ళు తీసెయ్యాల్సొచ్చింది. ఆపరేషన్ బల్ల మీద ఒకటే వణుకు. "నీకు తెలిసిన చేపల పేర్లన్నీ చెప్పవే" అన్నాను. వంజరం, చందువా, పండుగప్ప, సావడాయి... అలా చెప్తూ చెప్తూ మత్తులోకి జారిపోయింది. ఆ గదిలో అది నాకూ దానికీ మధ్య జరిగిన మాట.

లేచాక పెదవి మొద్దు. "టీ తాగితే కారిపోతోందండీ, పెదవి ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకుంటున్నా" అని నవ్వేది. నవ్వితే ఎడమవైపు ఆ రెండు పళ్ళ సందు కనపడేది. ట్రయల్‌లో చేరతావా, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానెయ్యొచ్చు అని మాధవి గారు అన్నీ విడమరిచి చెప్పారు. సంతకం పెట్టింది. మూడో నెలలో చీమ పాకినట్టుందండీ అంది. నాకెంత సంతోషమో.

ఆరో నెల వచ్చారు. మధ్యాహ్నం, రెండున్నర అయ్యుంటుంది. బయట ఎండ మండిపోతోంది. తల్లి గుమ్మం పక్కన కూర్చుంది. పిల్ల వచ్చి కుర్చీలో కూర్చుని, నేను చెప్పకుండానే కళ్ళు మూసుకుంది. దూదితో తాకాను. ఏం లేదు. పిన్ను పెట్టాను. ఏం లేదు. అదేంటి, మూడో నెలలో వచ్చిన చోట కూడా లేదే అని కాస్త నొక్కాను. నొక్కకూడదనుకో. గసగసాలంత రక్తపు బొట్టు పైకొచ్చింది. ఆ పిల్ల మొహం అలాగే ఉంది, కనురెప్ప కూడా కదల్లేదు. "మొదలెట్టారాండీ?" అంది.

సరే, లోపల గాయం చూద్దామని నోరు తెరవమన్నాను.

పళ్ళున్నాయే.

ఆ రెండు పళ్ళూ ఉన్నాయి. నేనే ట్రేలో పట్టుకున్నానే ఆ పళ్ళని, నా చేత్తో. చిగురు మీద కుట్టు ఆనవాలు లేదు. వేలు పెట్టి లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

"ఏమ్మా, నీ పేరు?" అన్నాను.

"అదేంటి సిస్టర్ గారూ, పద్మనండీ. చేపల పేర్లు చెప్పించారు కదా నా చేత." అని మొదలెట్టింది, వంజరం, చందువా, పండుగప్ప, సావడాయి. అదే వరస. మత్తెక్కే ముందు ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది.

వెనక్కి తిరిగి తల్లిని చూశాను. ఆవిడ కళ్ళార్పకుండా నా వంకే చూస్తోంది. నేనేదో అంటానని కనిపెట్టుకుని ఉన్నట్టు. నేనేం అనలేదు. ఎక్స్‌రే తీయించాను. దవడ నిండుగా ఉంది, పళ్ళు వేళ్ళతో సహా ఉన్నాయి. మాధవి గారు పాత ఎక్స్‌రే పక్కన పెట్టి, ఫిల్ములు మారిపోయి ఉంటాయి సిస్టర్ అన్నారు. అన్నారే గానీ రెండిటి మీదా పేరూ తేదీ మళ్ళీ మళ్ళీ చూసుకున్నారు. "ఇవాళ్టి కాయితంలో ఏం రాయకండి. సంగతి తెలిశాకే రాద్దాం" అన్నారు. వచ్చే వారం కబురు చేస్తామని వాళ్ళని పంపించేశాం.

ఆ వారం నాకు అన్నం సహించలేదు. మీ తాతయ్యకి చెప్తే, నీకు కళ్ళజోడు మార్చాలి అన్నారు. ఆయన సంగతి నీకు తెలుసుగా, దేనికైనా కళ్ళజోడే.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆదివారం ప్రార్థన అవగానే బయల్దేరాను. బందరు నుంచి అవనిగడ్డ బస్సు, అక్కడ మారి కోడూరు, అక్కణ్ణించి ఆటో. అప్పుడు ఆ రోడ్డు ఎలా ఉండేదనుకున్నావు, నడుం విరిగేది. ఊరి చివర రేకుల ఇల్లు. తిరపతమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "రండమ్మా" అని లోపలికి తీసుకెళ్ళింది.

గోడ మీద రెండు ఫోటోలు. రెండిట్లోనూ పద్మే. ఒకదానికి దండ వేసుంది.

"కవలలండీ" అంది. "పద్మా, రాజ్యం. పద్మ పోయి రెండు నెలలు దాటింది. తెల్లారి రొయ్యల షెడ్డుకి వెళ్తుంటే గట్టు మీద పాము కరిచింది. అవనిగడ్డ చేరేలోపే అయిపోయింది."

మరి మా దగ్గరకొచ్చింది రాజ్యమా అన్నాను.

"మీకూ నాకూ రాజ్యం. దానికి కాదు. దినం అయిన మర్నాడు పొద్దున్న టీ ఇస్తే ఎడమ పక్క నుంచి కారిపోయింది. తుడుచుకోదు. తెలీట్లేదంట. రాజ్యం అంటే పలకదు. రాజ్యం ఏదే అనడిగితే, పోయింది కదమ్మా అంటుంది. ఆ దండ చూశారా? అది పద్మ ఫోటోకి లేదండీ. రాజ్యం ఫోటోకి ఉంది. నేను వేసిన దండ తీసి అదే మార్చింది. దాని ఫోటోకి అదే వేసుకుంది."

అలా చెప్తుండగా పెరటి గుమ్మంలోంచి ఆ పిల్ల లోపలికొచ్చింది. తడిచేతులు లంగాకి తుడుచుకుంటూ, "వచ్చారా సిస్టర్ గారూ, పరీక్ష చేస్తారా?" అని నా ముందు పీట వేసుకుని కూర్చుని కళ్ళు మూసుకుంది. నా దగ్గర దూదీ లేదు, పిన్నూ లేదు. ఒట్టి చేతులు. అది అలాగే మొహం ఎత్తి పెట్టి ఎదురు చూస్తోంది. దాని తల మీదుగా ఆ దండ వేసిన ఫోటో, అదే మొహం.

చేపల పేర్లంటావా? పద్మ ఇంటికెళ్ళి చెల్లెలికి చెప్పే ఉంటుంది. అక్కాచెల్లెళ్ళు అన్నీ చెప్పుకుంటారు. కానీ ఎక్కడ ఆగిందో అది కూడా చెప్తుందా? మత్తులో ఉన్న మనిషికి తను ఎక్కడ ఆగిందో తెలుస్తుందా? వద్దులే, అది నేను ఇప్పటికీ ఆలోచించను.

వచ్చేటప్పుడు తిరపతమ్మ ఆటో దాకా వచ్చింది. నేను కొంచెం కోపంగానే అన్నాను, ఆ రోజే చెప్పొచ్చు కదమ్మా అని. అప్పుడందీ, "తేదీ వచ్చింది, ఆస్పత్రికెళ్ళాలి అని రెండ్రోజులు అన్నం మానేసిందండీ. నేను చెప్తే వినట్లేదు. మీరు చదువుకున్నోళ్ళు, నోరు తెరిచి చూస్తారు, పళ్ళు చూసి నువ్వు పద్మవి కాదమ్మా అని మీరైనా అంటారని తీసుకొచ్చాను. మీరు చూశారు. చూసి కూడా అనలేదు."

ఆ మాట ఇదిగో, ఇక్కడ పడింది నాకు. ఇంకా ఉంది.

మర్నాడే మాధవి గారికి చెప్పాను. ఆవిడ పద్మ కాయితం తీసి, చనిపోయిందనీ, ఎలా పోయిందనీ రాసి, ట్రయల్ మంచిచెడ్డలు చూసే పై కమిటీకి పంపారు. ఆరో నెల గడి ఖాళీగానే వదిలేశారు. ఆ తర్వాత రాజ్యాన్ని పిలిపించారు. లైటు బోర్డు మీద రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి, "ఇది మీ అక్క పద్మ దవడ. ఇది నీది" అన్నారు.

రాజ్యం చాలాసేపు చూసింది. నోట్లో వేలు పెట్టుకుని తడుముకుంది.

"మరి పద్మకి ఈ పళ్ళు లేవాండీ?"

"లేవమ్మా. మేమే తీసేశాం."

"అయితే ఇవి ఎవరివండీ?"

మాధవి గారు నా వంక చూశారు. ఈసారి నేను నోరు మూసుకోలేదు. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "నీవే రాజ్యం. నీ పళ్ళే తల్లీ. నువ్వు బతికే ఉన్నావు" అన్నాను. అప్పుడేడ్చిందే. అక్క పోయాక ఆ పిల్ల ఏడవడం అదే మొదటిసారంట. వాళ్ళమ్మ బయట వరండాలో ఆ ఏడుపు విని, హమ్మయ్య అని స్తంభానికి ఆనుకుంది.

ఒక్కరోజులో బాగైపోయిందని కాదు. మనసు డాక్టరు గారి దగ్గరకి నెలల తరబడి తిప్పాం. ఏ నరమూ తెగని పెదవి ఎందుకు మొద్దుబారిందని అడిగితే, దుఃఖం అలా కూడా చేస్తుంది అన్నారాయన. చేస్తుందేమో. మెల్లగా పేరుకి పలికింది. దండ మళ్ళీ మార్చింది. ఇప్పుడు దానికో కూతురు కూడా.

ఆఖరిసారి వచ్చినప్పుడు తనే అడిగింది, ఒక్కసారి పరీక్ష చెయ్యండి సిస్టర్ గారూ అని. ట్రయల్ కోసం కాదు, ఊరికే. కళ్ళు మూసుకుంది. దూది పెట్టిన ప్రతిచోటా ఆఁ, ఆఁ అంటోంది. పెదవి కింద ఒక్కచోట మాత్రం, బియ్యపుగింజంత, అక్కడ ఏమీ అనలేదు. మళ్ళీ పెట్టాను. అనలేదు. ఇక్కడ కాస్త మిగిలిందే, మళ్ళీ డాక్టరు గారికి చూపిద్దామా అన్నాను.

కళ్ళు తెరవలేదు. నవ్వింది. "వద్దండీ, అది ఉండనివ్వండి. పద్మ అక్కడ కూర్చుంటుంది" అంది.

ఏంటే అలా చూస్తున్నావు, భయమేసిందా? వెయ్యనీలే. రేపు ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా, నీకు కనపడింది నోరు తెరిచి చెప్పే ధైర్యం ఆ ప్రభువు నీకివ్వాలి. చల్లగా ఉండు తల్లీ, నూరేళ్ళు. నీ చేతి కింద ఎవరికీ నొప్పి తెలియకుండా... అయ్యో కాదు కాదు. తెలియాల్సిన చోట తెలిసేలాగే దీవిస్తున్నా.