చెయ్యెత్తినోడు

గుంటూరు మిర్చి యార్డు ముందు టీ బండి దగ్గర ఇద్దరు రైతులు మాట్లాడుకుంటున్నారు.

"ఒరేయ్, మన కబడ్డీ త్రినాథ్ ఎమ్మెల్యేకి నిలబడ్డాడు."

"ఫైనల్లో అంపైర్ చూడకపోయినా, ఔటయ్యానని తనే చెయ్యెత్తి మా టీముని ఓడగొట్టినోడు. వాడికి రాజకీయమేంటి?"

"నిన్న మీటింగులో మళ్లీ చెయ్యెత్తాడు. వాడి కోల్డ్ స్టోరేజీలో మిషన్లు ఆగి మన కాయలు నల్లబడ్డాయిగా, మేనేజరు తప్పంతా కరెంటు కోత మీదికి తోశాడు. వీడు మైకు లాక్కుని, జనరేటర్‌కి డీజిల్ తెప్పించనిది నేనే, తప్పు నాదే అన్నాడు."

"ఓట్లడిగే మీటింగులోనా?"

"అక్కడే. జనం నోరెళ్లబెట్టారు."

"ఆ టీ పారబోసి బైకు తియ్యి."

"ఎక్కడికిరా?"

"వాడి దగ్గరికే. ఆ ఫైనల్ తర్వాత ఎనిమిదేళ్లు వాడితో మాట్లాడలేదు నేను. ఈసారి ఓడినా వాడి పక్కనే ఉంటా."