జంటగది

"ఐదో నంబరు గది ఐవీ చెప్పింది, నువ్వు కొత్త నైటీ తెప్పించుకున్నావట. నీలం రంగుదట, అంచుకి లేసు కూడా ఉందట. ఎనభై ఏళ్ళకి ఇదేం పెళ్ళికూతురు సంబరమే అని భోజనాల గదంతా ఒకటే నవ్వులట."

యారన్‌డేల్ వృద్ధాశ్రమంలో కొత్త విభాగం తెరవడానికి ఇంకా గంట ఉంది. వాల్డా గదిలో, పక్కగది నోలీన్ ఆమె జుట్టుకి రోలర్లు చుడుతోంది.

"అది నైటీ కాదు నోలీన్, కిటికీ తెర. ఐవీని కళ్ళజోడు మార్చుకోమను."

"తెరెందుకే? ఇవాళ్టినుంచీ ఈ గది నీది కాదుగా. మొగుడూ పెళ్ళాలకని జంటగదులు కట్టారు, మొదటి తాళంచెవి నీకూ మెర్విన్‌కీనూ. ఎంపీ వస్తున్నాడు, పేపరువాళ్ళొస్తున్నారు. వదిలేసి పోయే గదికి తెర కుట్టిస్తావేం?"

"గట్టిగా లాగకు. నెత్తి ఊడొస్తోంది."

"మాట తప్పించకు."

"తప్పించట్లేదు. నొప్పి."

"తెర ఎందుకూ?"

"ఎండ పడుతోంది."

"వాల్డా."

"పొద్దున్నే సూటిగా కళ్ళల్లోకే కొడుతుంది. రేపూ కొడుతుంది."

"నువ్వు వెళ్ళట్లేదు కదూ?"

"ఇంకో రోలరు అందుకో."

"నీ మొహం మండ, వెళ్ళట్లేదా? బయట ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు సాసేజీలు కాల్చేస్తున్నారే. ఉల్లిపాయలు కూడా వేయించేశారు."

"వేయించనీ, తిందాం. సాసేజీలకీ నా మొగుడికీ ఏం సంబంధం?"

"ఆరేళ్ళబట్టీ మిమ్మల్ని చెరో విభాగంలో పడేశారని ఊరు ఊరంతా బాధపడింది. చందాల కరపత్రం మీద నీ ఫొటో చూసి నేనే ఏడ్చాను. మెర్విన్ చెయ్యి పట్టుకుని, బుగ్గలమీద నీళ్ళు కారిపోతూ..."

"పుప్పొడి."

"ఏంటీ?"

"నవంబరు నెల, గడ్డి పూతకొచ్చింది. నాకు పడదని నీకూ తెలుసు. ఆ ఫొటోవాడు తీసుకెళ్ళి సరిగ్గా ఆ గడ్డి పక్కనే నిలబెట్టాడు."

"చెయ్యి పట్టుకున్నావుగా?"

"మెర్విన్ గుప్పిట్లో రుమాలుంటే లాక్కుందామని. ఆయన వదల్లేదు."

"మరి ఎంపీ సభలో లేచి, ఈ తల్లి కన్నీళ్ళకి జవాబేదీ అని అడిగాడటగా?"

"జవాబు ముక్కులో వేసే చుక్కల మందు. నర్సు ఆ సాయంత్రమే తెచ్చిచ్చింది."

"నవ్వించకే, పిన్ను గుచ్చేస్తాను. మెర్విన్ గురకేనా నీ బాధ? మా లెస్ గురకకి రేకులు అదిరేవి. పోయి పదకొండేళ్ళయింది, ఆ గురక ఒక్క పూట వినిపిస్తుందంటే ఏమైనా ఇచ్చేస్తాను."

"ఆ లెస్ మొహంమీదే దిండు పెట్టేస్తానని చర్చి మెట్లమీద నాతో అన్నావు."

"అన్నాను."

"రెండుసార్లు."

"పెట్టలేదుగా."

"పెట్టలేదు. నిజమే."

"మనిషి ఉన్నప్పుడు తెలీదే. నీ మొగుడు ఇంకా ఉన్నాడు, అదృష్టవంతురాలివి."

"ఉన్నాడు. నలభై మీటర్ల అవతల ఉన్నాడు. చాలా బాగా ఉన్నాడు."

ఆశ్రమం మేనేజరు కార్మెల్ వచ్చింది. ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో పెద్ద కత్తెర.

"వాల్డాగారూ, ఇంకా రోలర్లతోనే ఉన్నారా? ఎంపీగారి కారు గోధుమ గోదాములు దాటిందట. మెర్విన్‌గారూ మీరూ కలిసి కత్తెర పట్టుకుని రిబ్బను కత్తిరించండి. తర్వాత లోపలికెళ్ళి మంచంమీద పక్కపక్కన కూర్చోవాలి, ఫొటోకి."

"రిబ్బను కత్తిరిస్తాను."

"అమ్మయ్య."

"మంచంమీద కూర్చుంటాను. నవ్వమంటే నవ్వుతాను. తర్వాత ఇక్కడికి వచ్చేస్తాను."

"సామాన్ల కోసమా? మనవాళ్ళు తెచ్చిపెడతారు."

"ఉండటానికి."

"నోలీన్‌గారూ, ఏమంటున్నారీవిడ?"

"నన్నడక్కమ్మా కార్మెల్, నాది జుట్టు పని ఒక్కటే."

"అలా అంటే ఎలాగండీ? మీకోసం కట్టాం. పదహారు గదులూ మీ ఫొటో చూపించే కట్టాం. ఆరేళ్ళలో ఒక్కసారైనా వద్దన్నారా?"

"నన్నెవరడిగారు?"

"మెర్విన్‌గారిని అడిగాం."

"ఏమన్నాడు?"

"వాల్డా ఎలా అంటే అలా అన్నారు."

"మరి నా దగ్గరకొచ్చారా?"

"మీరు ఫొటోలో అంతలా ఏడుస్తుంటే మళ్ళీ అడగడం ఎందుకని..."

"పుప్పొడి," అందుకుంది నోలీన్.

"ఏ పుప్పొడండీ?"

"తర్వాత చెప్తాలే. ముందు దీని సంగతి తేల్చు."

"సరే. వాల్డాగారూ, అసలు ఇబ్బంది ఏమిటో చెప్పండి. ఏదైనా చేద్దాం."

"ఆయన రోజంతా రేడియోలో గుర్రప్పందాలు పెడతాడు."

"హెడ్‌ఫోన్లు ఇప్పిస్తాను."

"కాలిగోళ్ళు మంచంమీదే కత్తిరిస్తాడు."

"నెలకోసారి నర్సు కత్తిరిస్తుంది."

"గురక."

"మధ్యలో తడిక కట్టిద్దాం."

"తడిక కట్టాక అది జంటగది ఎలా అవుతుందమ్మాయీ?"

"నోలీన్‌గారూ, మీరు ఆగండి. వాల్డాగారూ, ఇది నేను అడగక తప్పదు, రూలు. ఆయన మీమీద ఎప్పుడైనా చెయ్యి..."

"మెర్విన్‌? గొర్రెని కసిరితే మూడ్రోజులు అన్నం సయించదు ఆయనకి."

"పోనీ, ఆయనంటే ఇష్టం లేదా?"

"ఇష్టం లేకేం."

"మరింకేంటండీ? ఎలాగూ రోజూ మూడింటికి ఇక్కడికొస్తారు, టీ తాగుతారు, ఐదింటిదాకా ఇద్దరి కబుర్లూ వరండాలోకి వినిపిస్తాయి. అదే మనిషి, అవే కబుర్లు. కాస్త ఎక్కువసేపు, అంతే. గది వద్దన్నవాళ్ళు కారణం చెప్పాలి, ఈ కాగితంలో దానికో గడి ఉంది. ఏం రాయమంటారు?"

"పెన్నుందా?"

"ఉంది."

"రాసుకో. యాభై రెండేళ్ళు ఆ పొలం ఇంట్లో కాపరం చేశాను. స్నానం చేస్తున్నా సరే, బట్టలు మార్చుకుంటున్నా సరే, బురద బూట్లతో దూసుకొచ్చి సుత్తి ఎక్కడ పెట్టావ్ అనేవాడు."

"సుత్తి కూడా రాయనా?"

"రాయి. ఇక్కడికొచ్చిన మొదటిరోజు మధ్యాన్నం ఎవరో తలుపు తట్టారు. నర్సేమో అనుకున్నాను. చూస్తే మెర్విన్. తల తడిపి దువ్వుకున్నాడు, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. వాల్డా, లోపలికి రావచ్చా అన్నాడు. నా వెనకాల ఇంకెవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాను."

"అప్పట్నుంచీ రోజూ అంతేనా?"

"రోజూ అంతే నోలీన్. ఒక మంగళవారం, ఏంచేస్తాడో చూద్దామని, రావద్దన్నాను."

"అయ్యో పాపం. ఏంచేశాడే?"

"సరేనని వెళ్ళిపోయాడు. మర్నాడు మూడింటికి మళ్ళీ తట్టాడు. లోపలికి రావచ్చా అన్నాడు."

"వాల్డాగారూ, ఆయనకి ఆ మర్యాద అలవాటైపోయింది. కొత్త గదిలోనూ అలాగే ఉంటారు. దాన్ని పోగొట్టుకుంటానని మీకెందుకంత భయం?"

"ఇద్దరం లోపలే ఉంటే తలుపు తట్టేదెవరమ్మాయీ?"