చూడొచ్చు, అమ్మకూడదు

వాణ్ని ఊరికే వదిలేయమంటారా లాయరప్పా? మీరు చిక్కబళ్లాపురంలో కూర్చుని సులువుగా చెప్తాండారు! బాగేపల్లి అంగట్లో పెండ్లిపత్రికలు టైపు చేసి చేసి కండ్లు పోగొట్టుకునింది ఈ ధనుంజయ గదా!

కంప్యూటర్లో తెలుగు, కన్నడం టైపు చేసే సాఫ్ట్‌వేరప్పా నాది. రెండువేల ఆరులో 'ధను లిపి' అని పేరు పెట్టి సీడీలు అమ్మితిని. ఇప్పుడు చింతామణి ఊరి అమరేష్ దాన్నే కాపీ కొట్టి 'అమర లిపి' అంటాండాడు. దొంగతనం కాదా?

సాక్ష్యమా? నాదాంట్లో 'ళ' ఒత్తు పక్కకు జరుగుతాది. వానిదాంట్లోనూ జరుగుతాది! తప్పును కూడా దొంగిలించినాడు సామీ!

ఏమంటిరి? మొదట రాసింది నేనేనా అనా?

అదీ... రాసింది గౌరిబిదనూరు ప్రతిమమ్మ. కాలేజు మేడమ్. బడిపిల్లోళ్ల కోసం రాసి, లోపలి కోడంతా ఇంటర్నెట్లో పెట్టింది. అందరికీ కనపడేటట్లు పెట్టినాక అందరిదీ అయినట్లే గదా?

కాదా? చూడనిచ్చేది వేరే, అమ్ముకోనిచ్చేది వేరేనా?

అవునప్పా, కోడు పైన ఇంగ్లీషులో షరతు ఉండాది. చదవొచ్చు, మార్చుకోవచ్చు, ఇండ్లల్లో బడుల్లో ఊరికే వాడుకోవచ్చు. వ్యాపారానికైతే ఆమె రాసి ఒప్పుకోవాల. మరి నేను ఆరునెల్లు కూర్చుని, ఆ 'ళ' తప్ప ఒత్తులన్నీ సరిచేస్తి! ఆ కష్టం యాడికి పోయె?

నవ్వొద్దండప్పా. కోర్టుకు పోతే వానికన్నా ముందు నన్నే నిలబెడతారా? బాగుండాది న్యాయం!

అడగాల్సింది అంటారా? అడగకేం, అడిగితిని. ఉత్తరం రాస్తే వారానికే జవాబు వచ్చె. "ఒత్తులు బాగా సరిచేసినావు నాయనా. అంగళ్లకు అమ్ముకో, నాకేమీ వద్దు. బడులకు మాత్రం ఊరికే ఇయ్యి. నా పేరూ, నా షరతూ తీసేయొద్దు" అని.

అంతే అడిగింది. మహాతల్లి.

ఆ ఉత్తరం ఉంటే కేసు నిలుస్తాదా? ఉండాది, ఇంట్లోనే ఉండాది. తేలేనప్పా.

ఆ షరతు అట్లే పెట్టింటే, బడులోళ్లు చదువుకోరా? ఊరికే వచ్చేది నా దగ్గర ఎవరు కొంటారు? అందుకే రెండూ చెరిపేస్తిని. అర్థం కాక కాదు లాయరప్పా, బాగా అర్థమయ్యే చెరిపితిని.

అమరేష్ మీద కాగితం రాయొద్దులే. వాడు చెరిపింది నా పేరొక్కటే. నేను తొండేభావి బడికి కూడా సీడీ అమ్మితిని. పిల్లోళ్లు తలా ఇంత దుడ్డు వేసుకొని కొనుక్కునిరి.