ఆయనకు మిగిలిన మాటలు

ఆ కాలి కట్టు విప్పకండి వదినా, నిన్ననే మార్చారు. మానుతోందనే అంది నర్సు. అలా చూడకండి నా వైపు, చెప్తాను. ముందు కాస్త కూర్చోండి, బస్సు దిగినప్పట్నుంచీ నిలబడే ఉన్నారు. ఆయన ఇప్పుడే కళ్లు మూశారు, ఇంకాసేపటిదాకా లేవరు.

మీ తమ్ముడు మిమ్మల్ని చూసి 'అక్కా' అనలేదని కదూ? 'సర్వర్' అన్నారని. నన్ను మాత్రం ఏమంటున్నారు? ఈ ఇంట్లో ఎవరి పేరూ ఆయన నోట రావట్లేదు. నేను గేట్‌వేని. పక్కింటి పెద్దాయన మోడెం. నవ్వొస్తే నవ్వండి, మొదట్లో నేనూ నవ్వాను.

ఆయన పడిపోయారని ఫోన్లో చెప్పానే గానీ, తర్వాతి సంగతులు మీకేం చెప్పాను? పక్షవాతంతో కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. ఆ ఆఫీసులో కంప్యూటర్ల లైన్లన్నీ చూసుకున్న మనిషి, ఎవరి మిషన్ ఆగినా ఆయన్నే పిలిచేవాళ్లు. వాళ్ల మేనేజరు ఆస్పత్రికొచ్చి చూసి వెళ్లాడు. మంచివాడే, నేనేం అనను. 'ఈయన సీటు కొన్నాళ్లు ఖాళీగా ఉంచుతాం, మీరు కింది స్థాయి పరీక్ష పాసవండమ్మా, మీకే ఇస్తాం' అన్నాడు. పరీక్ష దేన్లో? నెట్‌వర్కింగ్‌లో. ఏ భాషలో? ఇంగ్లీషులో. నేనేమో తెలుగు మీడియం, అదీ పదో తరగతితో సరి. అయినా తలూపాను. ఊపక ఏం చెయ్యను, ఇల్లు గడవొద్దూ?

క్లాసు ఒక మేడ మీది గదిలో. ఫ్యాను వేస్తే కాగితాలు లేస్తాయి, ఆపితే ఉడికిపోతాం. అందరూ నా వయసులో సగం వాళ్లు. 'ముందు మాటలు పట్టుకోండమ్మా, తక్కిందంతా దానంతటదే వస్తుంది' అనేవాడు మాస్టారు. సరే, పట్టుకుందామని కూచున్నాను. ప్యాకెట్ అన్నాడు. అమ్మయ్య, ఇది తెలుసు, పాలప్యాకెట్ అనుకున్నాను. హోస్ట్ అంటే డిక్షనరీలో చుట్టాలకు భోజనం పెట్టేవాడని ఉంది. పోర్ట్ అంటే ఓడలు ఆగే చోటట. ఆ కంప్యూటర్ పెట్టెలోకి ఓడలెలా వచ్చాయి వదినా, భోజనాలెలా వచ్చాయి? ఒకసారి అడిగాను కూడా. వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. చెడ్డగా కాదులెండి, చిన్నవాళ్లు. కానీ మళ్లీ అడగలేదు.

ఇక్కడ ఇంట్లోనేమో ఇంకో బడి. మాటలు నేర్పే డాక్టరమ్మ బొమ్మల అట్టలు ఇచ్చింది. కుర్చీ బొమ్మ, చెప్పుల బొమ్మ, గ్లాసు బొమ్మ. గ్లాసు చూపించి 'నీళ్లు అనండి' అంటాను. ఆయన నోరు తెరుస్తారు, మెడ నరాలు ఉబ్బుతాయి, చెమట పడుతుంది. 'బ... బ...' అంతే. అట్ట తోసేసేవారు.

ఒకరోజు నా క్లాసు కాగితం మంచం మీద పెట్టి దుప్పటి మారుస్తున్నాను. వెనకనుంచి 'గేట్‌వే' అని వినిపించింది. స్పష్టంగా, మునుపటి గొంతుతో. దుప్పటి అక్కడే వదిలేశాను. కాగితం దగ్గరగా పట్టుకుంటే ఒక్కొక్కటే చదివేశారు. రౌటర్, స్విచ్, ఫైర్‌వాల్. నీళ్లు అనలేని మనిషి వదినా.

చదవడమే కాదు, చెప్పారు కూడా. నోటితో కాదులెండి, ఆ ఎడం చేత్తో. గేట్‌వే అంటే ఏంటండీ అన్నాను. మన వీధి గుమ్మం వైపు చూపించారు. ఏది బయటికెళ్లాలన్నా అటే అని. ప్యాకెట్ అంటే ఏంటంటే, పాత పేపరు నోటితో పట్టుకుని ముక్కలు చింపారు. ఒక్కో ముక్కా దుప్పటి మీద ఒక్కో దారిలో జరిపి, ఆ చివర మళ్లీ వరసగా పేర్చారు. మాస్టారు ఎన్నాళ్లు చెప్పినా ఎక్కనిది అక్కడికక్కడ ఎక్కేసింది నాకు. ఎక్కిందని ఆయనకి తెలిసిపోయింది. ఆ మొహం మీరు చూడాల్సింది. పెళ్లయ్యాక ఆయన నాకేదైనా కూచోబెట్టి చెప్పడం అదే మొదలు.

ఇక రోజూ అదే. పొద్దున లేవగానే కాగితం తీసేవాళ్లం.

డాక్టరమ్మ ముందే చెప్పింది, అబద్ధమెందుకు. 'ఈయన బుర్ర లేచాక కాసేపే చురుగ్గా ఉంటుంది, తర్వాత అలిసిపోతుంది. ఆ కాసేపూ నీళ్లు, నొప్పి, ఆకలి, మనుషుల పేర్లు పలికించండి. ఈ మొదటి నెలల్లో వచ్చిందే ఎక్కువ' అంది. అలాగేనండీ అన్నాను. ఇంటికొచ్చి రౌటర్ కాగితం తీశాను. పరీక్ష దగ్గర పడుతోంది వదినా. నేను పాసయితే ఇద్దరం బతుకుతాం, నీళ్లు అనకపోయినా నేనిస్తాగా, నొప్పి అనకపోయినా మొహం చూస్తే తెలుస్తుందిగా అనుకున్నాను.

తెలీలేదు. ఆ కాలి సంగతి అదే.

పరీక్ష రెండు రోజులుందనగా నేను వంటింట్లో ఉన్నాను. మంచం పక్కన స్టూలు మీద టీ పెట్టి వచ్చాను, చల్లారాక ఇద్దామని. 'ఫైర్‌వాల్' అని అరిచారు ఆయన. నన్ను అడుగుతున్నారనుకున్నాను, అలా అడుగుతూండేవారు మరి. అక్కణ్నుంచే జవాబు చెప్పాను, 'బయటినుంచి వచ్చేవాటిని వడగట్టేది' అని. 'ఫైర్‌వాల్, ఫైర్‌వాల్' అని మళ్లీ. 'చెప్పాగా అండీ, ఇంకోటి అడగండి' అన్నాను. ఇంకోటి అడగండి అన్నాను వదినా. వెళ్లి చూస్తే టీ అంతా తొడ మీద. గ్లాసు పక్కన పడి ఉంది. కాలింది అనడానికి ఆయన దగ్గర ఇంకో మాట లేదు. ఉన్నది అదే, అదే అరిచారు.

ఊరుకోండి. మీరు ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది, ఆయన లేస్తారు.

పరీక్ష రాశాను. కట్టు కట్టించి, పక్కింటావిడని కూచోబెట్టి వెళ్లి రాశాను. పెద్ద మాటలన్నీ వచ్చాయి, ఆయన చెప్పినవే. కానీ వాటి మధ్యలో చిన్నచిన్నవి ఉంటాయిగా. అన్‌లెస్ అట, నైదర్ అట, అదర్ దాన్ అట. అవి మాస్టారూ చెప్పలేదు, ఆయనా చెప్పలేదు. ఏది అవునంటున్నాడో, ఏది కాదంటున్నాడో అర్థమైతేగా. తెలిసినవాళ్లంతా ఒక గదిలో చేరి తగాదా పడుతుంటే తలుపు బయట నిలబడ్డట్టుంది. ప్రశ్న అర్థమైనవి రాశాను. తక్కినవాటికి కళ్లు మూసుకుని టిక్కు పెట్టాను.

పోయింది. కొద్దిలో కూడా కాదు, బాగానే పోయింది. మేనేజరు ఫోన్ చేసి చాలా మర్యాదగా చెప్పాడు. ఆ పనంతా బయటి కంపెనీకి ఇచ్చేశారట, ఇక మళ్లీ రాసినా సీటు లేదట. డాక్టరమ్మ దగ్గరికీ వెళ్లి జరిగిందంతా చెప్పాను. తిట్టినా బాగుండేది. 'ప్రయత్నిద్దాం' అంది, నా మొహం చూడకుండా.

మీరు తిట్టండి కావాలంటే. మీకు ఆ హక్కుంది, చంకనేసుకుని పెంచారు. కానీ ఒక్కటి, ఆయన ముందు మాత్రం పరీక్ష మాట ఎత్తకండి. ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పను? పొద్దున్నే బొమ్మల అట్ట తీస్తే మొహం గోడవైపు తిప్పేసుకుంటారు. నా కాగితం కోసం దిండు కింద తడుముకుంటారు. అది దొరికితే చాలు, మంచం మీద చెయ్యి తట్టి నన్ను కూచోమంటారు. అప్పుడొక్కటే ఆయన మామూలు మనిషిలా ఉండేది.

సబ్‌నెట్ అట, నిన్నటినుంచి అది. దుప్పటిని మడతలు పెట్టి భాగాలు చేసి చూపిస్తున్నారు. నాకు ఎక్కట్లేదు, ఎక్కినా చేసేదేం లేదు. అయినా కూచుంటాను వదినా. ఇంకేం చెయ్యను, మీరే చెప్పండి.