జరంత చెడనియ్యి

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. గుండె వార్డు బయట డాక్టర్ సుమయ్య, పేషెంటు భార్య నర్మద.

"స్టెంటు వేసినమమ్మా. మూసుకపోయిన నరం తెరుచుకున్నది. కానీ రక్తం ముందటికి పోతలేదు."

"తెరుచుకున్నంక ఎందుకు పోదు మేడం?"

"దాని అవతల సన్న నరాలుంటయి. అవి దెబ్బతిన్నయి. నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"ఇయ్యాల పొద్దుగాల."

"షుగర్ ఉన్నదా?"

"ఉన్నది. బీడీలు గూడ తాగుతడు."

"షుగర్ గోలీలు వేసుకుంటడా?"

"వేసుకుంటుండె."

"వేసుకుంటుండె అంటే?"

"బంద్ చేసిండు. బోర్డు పిలిచిన కాడికెళ్లి."

"ఏం బోర్డు?"

"బొగ్గు బాయి మెడికల్ బోర్డు. రెండుసార్లు చూసిండ్రు. రెండుసార్లూ ఫిట్టే అన్నరు."

"మంచిదే గద?"

"ఆయన అన్‌ఫిట్ అంటెనే బాయిల నౌకరి మా కొడుకు మల్లేష్‌కు ఇస్తరు మేడం. ఈ యేడు దాటితే వాని వయసు దాటిపోతది."

"మల్లేష్ ఏడున్నడు? ఇంట్ల మగోళ్లకు గూడ చెప్పాలె."

"కిందనే కూసున్నడు."

"పైకి పిలువుర్రి."

"రాడు."

"బాపు గిట్లుంటే రాడా?"

"మా నస్పూర్ల అంబులెన్స్ ఎక్కినప్పటి సంది బాపు మొకం చూస్తలేడు. చాయ్ ఇస్తే గూడ తాగలే."

"నర్మదమ్మా, నా దిక్కు చూడుర్రి. ఇయ్యాల పొద్దుగాల మొదలైన నొప్పి కాదిది. లోపల గడ్డ పాతగయింది. ఆలస్యమైతేనే ఇంత ఖరాబైతది. నిజం చెప్తే మందు దాన్ని బట్టి ఇస్త."

"ఇప్పుడెట్లున్నడు?"

"బీపీ నిలబడ్తలేదు."

"బతికితే... అన్‌ఫిట్టేనా మేడం?"

"గదేనా మీ ఫికర్?"

"నాది కాదు. గాయనది."

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"నిన్న పొద్దుమీకి."

"నిన్ననా? రాత్రంతా ఇంట్లనే ఉంచిండ్రా?"

"గ్యాస్ నొప్పంటే సోడా తాపిన. చెమటలు వట్టినయి. ఆటో పిలిచిన. వాకిట్ల దాక వచ్చింది."

"మరి?"

"ఆయననే వాపస్ పంపిండు. జల్ది పోతే డాక్టర్లు బాగు చేస్తరు, బోర్డు మల్ల ఫిట్ అంటది, జరంత చెడనియ్యి అన్నడు. గింత చెడుతదని ఆయనకు మాత్రం ఏమెరుక?"

"ఆటో అతనన్నా అడగలేదా? మనిషిని చూస్తే తెల్వదా?"

"చూసిండు."

"చూసి గూడ పోయిండా?"

"జరసేపు నిలవడ్డడు. బాపు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. మల్ల బండి తిప్పుకున్నడు."

"ఎవలమ్మా ఆ ఆటో అతను?"

"కిందనే కూసున్నడు మేడం. చాయ్ గూడ తాగలే."